మూడు బ్రాంచీలు, ఒకే లెక్క: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి, అందుకే మిగతావి వచ్చే నెలకి ఆపి ఈ నాలుగే తీసుకున్నాను. అందరి బాధా లెక్క గురించే. పది చోట్ల నుంచి పది మంది ఒకే అంకెని పెంచుతూ, తగ్గిస్తూ ఉంటే ఆ అంకెని ఎంతవరకు నమ్మొచ్చు? ఒకటి కూడడం, ఒకటి తీసేయడం, ఇందులో ఏముంది అనిపిస్తుంది కానీ, ఇన్నేళ్లు డేటాబేసుల మీద పని చేశాక కూడా కౌంటర్, అంటే ఇలా పెరుగుతూ తగ్గుతూ ఉండే అంకె, అనే మాట వినగానే నేను కాగితం, పెన్ను తీసుకుని కూర్చుంటాను.

ప్రశ్న: నమస్తే మేడమ్. రుషికొండలో ఒక చిన్న కంపెనీలో పని చేస్తున్నాను. ఒక స్వీట్ల షాపు వాళ్లకి గాజువాక, ద్వారకానగర్, ఎంవీపీ కాలనీ మూడు బ్రాంచీలకీ కలిపి యాప్ చేసిచ్చాం. గోడౌన్‌లో మాడుగుల హల్వా డబ్బాలు ఎన్ని మిగిలాయో ముగ్గురికీ ఒకే అంకె కనిపించాలి. సాయంత్రానికి యాప్‌లో 9 ఉంటే గోడౌన్‌లో 4 ఉంటున్నాయి. మా సీనియర్‌ని అడిగితే "ఇది ఈవెంచువల్ కన్సిస్టెన్సీ, కాసేపటికి అదే సర్దుకుంటుంది" అన్నారు. మూడు రోజులైంది, సర్దుకోలేదు. ఓనర్ గారు రోజూ ఫోన్ చేస్తున్నారు, చాలా టెన్షన్‌గా ఉంది. (మధురవాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మూడు రోజులు కాదు, మూడేళ్లు ఆగినా అది సర్దుకోదండి. ఎందుకో చెప్తాను. మీరు ఉత్తరంతో పాటు పంపిన నాలుగు లైన్ల కోడ్ చూశాను, తప్పు అక్కడే ఉంది.

డబ్బాలు 12 ఉన్నాయనుకోండి. గాజువాకలో కుర్రాడు బిల్లు కొట్టాడు. మీ యాప్ సర్వర్‌ని అడిగి 12 అని తెచ్చుకుంది, ఫోన్‌లోనే ఒకటి తీసేసింది, "11 అని రాయి" అని సర్వర్‌కి పంపింది. సరిగ్గా అదే సెకనులో ఎంవీపీలో ఇంకో అమ్మాయి కూడా బిల్లు కొట్టింది. గాజువాక వాళ్ల 11 ఇంకా చేరలేదు కాబట్టి ఆ ఫోన్‌కి కూడా 12 అనే కనిపించింది, అదీ "11 అని రాయి" అనే పంపింది. రెండు డబ్బాలు వెళ్లిపోయాయి, అంకె మాత్రం ఒక్కటే తగ్గింది. ఇందులో నెట్ పోలేదు, సర్వర్ పడిపోలేదు, ఎవరూ తప్పు బటన్ నొక్కలేదు. దీన్ని లాస్ట్ అప్‌డేట్ అంటారు, అంటే ఒకరి రాత మీద ఇంకొకరి రాత పడి మొదటిది ఆనవాలు లేకుండా పోవడం. సాయంత్రం రద్దీలో ఇలా ఐదుసార్లు జరిగితే మీ 9కీ 4కీ తేడా వచ్చేస్తుంది.

ఇప్పుడు మీ సీనియర్ గారి మాట. ఈవెంచువల్ కన్సిస్టెన్సీ ఇచ్చే హామీ ఒక్కటే: కొత్త మార్పులు రావడం ఆగిపోతే, ఎప్పటికో అప్పటికి అన్ని కాపీలూ (అదే అంకెని వేర్వేరు చోట్ల దాచిన నకళ్లు) ఒకే అంకె చూపిస్తాయి. ఒకే అంకె అని మాత్రమే, సరైన అంకె అని అందులో ఎక్కడా లేదు. మీ మూడు బ్రాంచీల్లోనూ ఇప్పుడు 9 అనే ఉంది కదా, అంటే ఆ హామీ పూర్తిగా నెరవేరినట్టే లెక్క! ఈ ఒక్క తేడా తెలియక ఎన్ని స్టాకు లెక్కలు, ఎన్ని వాలెట్ లెక్కలు తప్పాయో నేను కళ్లారా చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. చివరగా రాసినదే ఉంచు అనే పద్ధతిలో నడిచే డేటాబేసులైతే మరీ కష్టం, ఏది "చివరిదో" ఆయా మెషీన్ల గడియారాలు చూసి తేల్చేస్తాయి, ఆ గడియారాలు ఒకదానితో ఒకటి కలవవు.

మందు సులువే. సర్వర్‌కి ఫలితం పంపకండి, పని పంపండి. "11 అని రాయి" అనకుండా "ఒకటి తగ్గించు" అనండి. ఇంకా మంచిది, "స్టాకు సున్నా కన్నా ఎక్కువ ఉంటేనే ఒకటి తగ్గించు" అని ఒకే ఆదేశంలో ఇచ్చి, ఎన్ని వరసలు (డేటాబేస్ పట్టికలో అడ్డ వరసలు, రోలు అంటారు) మారాయో చూడండి. సున్నా వచ్చిందంటే డబ్బా లేదు, బిల్లు కొట్టొద్దు. ఆ ఆదేశం నడుస్తున్నంతసేపూ డేటాబేస్ ఆ వరసకి తాళం వేసి ఉంచుతుంది, రెండో బ్రాంచీ ఆదేశం బయట నిలబడుతుంది. చదవడం ఒకటి, రాయడం ఒకటి విడివిడిగా చేసి చుట్టూ ట్రాన్సాక్షన్ (అన్నీ కలిపి ఒకే పనిగా జరిపే కట్ట) పెట్టాం కదా అని ధీమాగా ఉండకండి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో మామూలుగా వచ్చే రీడ్ కమిటెడ్ స్థాయిలో (వేరేవాళ్లు పూర్తి చేసిన రాతలే చదివే స్థాయి) అలా చేసినా లెక్క పోతుంది, చదివేటప్పుడే తాళం అడిగితే తప్ప.

ఇంకొక మాట. మీ కోడ్‌ని బట్టి బ్రాంచీకొక డేటాబేస్ కాపీ పెట్టినట్టుంది, ముగ్గురికీ మూడు కాపీలు ఎందుకు? మూడు బ్రాంచీల హల్వాకి ఒకే చోట ఒక డేటాబేస్ చాలు, పైగా మిగిలి పోతుంది. ప్రతి అమ్మకాన్నీ విడిగా ఒక వరసగా కూడా రాసి పెట్టండి: ఏ బ్రాంచీ, ఎన్ని గంటలకి, ఎన్ని డబ్బాలు. రేపు అంకె తేడా వచ్చినా ఆ వరసలు కూడుకుంటే ఓనర్ గారికి నిలబడి సమాధానం చెప్పగలరు.

ప్రశ్న: మా అమ్మాయి కూచిపూడి వీడియో పెట్టింది. నా ఫోన్‌లో 340 లైకులు, దాని ఫోన్‌లో 338. కాసేపటికి నాకు కూడా 338 అయింది, మళ్లీ 341. ఎవరో కావాలని తీసేస్తున్నారని అమ్మాయి దిగులు పడుతోంది. (సీతమ్మధార నుంచి ఒక తల్లి)

జవాబు: ఎవరో కక్షగట్టి తీసేస్తున్నారని అనుకోనక్కర్లేదమ్మా. ఆ అంకె కాపీలు చాలా సర్వర్లలో ఉంటాయి, మీరు తెర కిందికి లాగిన ప్రతిసారీ మీ ప్రశ్న వాటిలో ఏదో ఒకదాని దగ్గరికి వెళ్తుంది. ఒకదానికి కొత్త వార్త అందింది, ఇంకొకదానికి ఇంకా అందలేదు, అంతే. ఒకసారి 340 చూసిన మనిషికి మళ్లీ అంతకంటే పాతది చూపించకూడదనే హామీ ఒకటుంది, దాన్ని మోనోటోనిక్ రీడ్స్ అంటారు. నేను కొట్టిన లైకు నాకైనా వెంటనే కనిపించాలి అనేది ఇంకో హామీ. జిరాక్స్ కంపెనీ పరిశోధనశాల పార్క్‌లోని పరిశోధకులు 1994లోనే వీటిని విడివిడిగా పేర్లు పెట్టి రాశారు. లైకుల దగ్గర ఈ ఖర్చు పెట్టడం అనవసరం అనుకునే కంపెనీలే ఎక్కువ, లైకుల వరకు నేనూ దాన్ని తప్పు పట్టను. యూట్యూబ్‌లో ఒకప్పుడు వ్యూస్ 301 దగ్గర ఆగిపోయేవి, మీకు గుర్తుండే ఉంటుంది. 300 దాటాక వచ్చేవి నిజమైన మనుషులు చూసినవేనా అని సరిచూసుకున్నాకే కలిపేవాళ్లు. అమ్మాయికి ఈ సంగతి చెప్పండి, అంకె చూడ్డం రోజుకి ఒకసారికి తగ్గించమనండి.

ప్రశ్న: సింహాచలం గిరి ప్రదక్షిణ నాడు మా అసోసియేషన్ తరఫున హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార మూడు చోట్ల మజ్జిగ ప్యాకెట్లు పంచాం. ఒక ట్రే అయిపోగానే ఫోన్‌లో బటన్ నొక్కాలి, 20 కలుస్తుంది. ఆ జనంలో నెట్ అందేది కాదు, బటన్ నొక్కితే చక్రం తిరుగుతూనే ఉండేది, సరే అని మళ్లీ నొక్కేవాళ్లం. తెచ్చినవి 6,000, అన్నీ పంచేశాం. యాప్‌లో 6,840 అని వచ్చింది. చందాలిచ్చిన వాళ్లు ఇప్పుడు మా ముఖం అదోలా చూస్తున్నారు. (ఎంవీపీ కాలనీ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఎండలో నిలబడి అంత మందికి మజ్జిగ పోసి చివరికి మాట పడాల్సి రావడం బాధగానే ఉంటుంది. ముందు మీ అంకెనే చూద్దాం. ఎక్కువ వచ్చింది 840, ట్రేకి 20 చొప్పున సరిగ్గా 42 నొక్కులు. మూడు స్టాళ్లు, రోజంతా పంపకం, ఆ నెట్‌లో 42 నొక్కులు రెండేసిసార్లు పడ్డాయంటే నాకేమీ ఆశ్చర్యం లేదు. చందాదారులకి ప్యాకెట్ల బిల్లు చూపించండి, ఈ 42 నొక్కుల సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి.

చక్రం తిరుగుతూ ఉన్నప్పుడు అసలు ఏం జరిగి ఉండొచ్చో ఆలోచించండి. మీ కబురు సర్వర్‌కి చేరకపోయి ఉండొచ్చు. చేరి, 20 కలిసి, "సరే" అనే జవాబు దారిలో పోయి ఉండొచ్చు. లేదా కబురు ఇంకా దారిలోనే ఉండి ఐదు నిమిషాల తర్వాత చేరొచ్చు. ఈ మూడింటిలో ఏది జరిగిందో మీ ఫోన్‌కి తెలిసే దారి లేదు, ఎంత ఖరీదైన ఫోనైనా సరే. మళ్లీ నొక్కితే రెండుసార్లు పడే భయం, నొక్కకపోతే అసలు పడదనే భయం. "లైటు వెయ్యి" అని పదిసార్లు చెప్పినా లైటు వెలిగే ఉంటుంది, అదే "స్విచ్ మార్చు" అని రెండుసార్లు చెప్తే ఆరిపోతుంది. "20 కలుపు" అనేది ఈ రెండో రకం మాట. కసాండ్రా అనే పేరున్న డేటాబేస్‌లో కూడా కౌంటర్లకి ఈ ఇబ్బంది ఉంది. 2014లో వచ్చిన 2.1 వెర్షన్‌లో కౌంటర్ల లోపలి పనితీరు చాలావరకు తిరగరాశారు, అయినా టైమౌట్ వచ్చినప్పుడు (గడువులోగా జవాబు రాకపోతే) మళ్లీ పంపితే ఎక్కువ పడే ప్రమాదం అలాగే ఉంది.

దీనికి ఒక దారి, ప్రతి నొక్కుకీ ఒక సొంత నంబరు ఇవ్వడం. ఫోన్ పేరు, వరస సంఖ్య: అప్పుఘర్-57 అన్నట్టు. సర్వర్ ఆ నంబర్లన్నీ రాసుకుంటుంది, అదే నంబరు మళ్లీ వస్తే "ఇది ముందే రాసుకున్నాను" అని జవాబిచ్చి ఊరుకుంటుంది, కలపదు. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు, నంబరుని పంపేటప్పుడల్లా కొత్తగా పుట్టిస్తారు, అప్పుడు నంబరు ఉండీ లాభం లేదు. మనిషి వేలు బటన్ మీద పడ్డ క్షణంలోనే నంబరు పుట్టాలి, ఎన్నిసార్లు పంపినా అదే ఉండాలి. ఇంకా ముఖ్యం, వేలు పడగానే నెట్ కోసం చూడకుండా ఫోన్ తెర మీద "57వ ట్రే" అని కనిపించాలి. అది కనిపించక కదా మీవాళ్లు రెండోసారి నొక్కింది!

మీ స్టాళ్లకి మాత్రం నేను రెండో దారి చెప్తాను, నాకు ఇది చాలా ఇష్టం. పాలు పోసే ఆవిడ వంటింటి క్యాలెండర్ మీద రోజుకో గీత పెడుతుంది చూడండి, గీతలు పెరుగుతాయే గాని తగ్గవు, ఆ గీతలు పెట్టేది ఆవిడొక్కర్తే. అలాగే ప్రతి స్టాలుకీ ఒక సొంత గడి ఇవ్వండి. ఆ గడిలో ఆ స్టాలు ఫోన్ తప్ప ఇంకెవరూ రాయకూడదు. నెట్ దొరికినప్పుడల్లా "ఇప్పటిదాకా నా గడిలో ఇంత" అని మొత్తం పంపుతుంది. హనుమంతవాక 1,480, అప్పుఘర్ 2,100, మాధవధార 960, కూడితే 4,540. ఇంతలో హనుమంతవాక నుంచి అరగంట కిందటి పాత కబురు ఒకటి ఇప్పుడు వచ్చి చేరింది, అందులో 1,460 ఉంది. సర్వర్ దగ్గరున్నది దానికన్నా పెద్దది కాబట్టి పట్టించుకోదు. అదే కబురు పదిసార్లు రానీ, ముందుది వెనకా వెనకది ముందూ రానీ, ప్రతి గడిలో పెద్ద అంకె ఉంచుకోవడమే నియమం, లెక్క చెడదు. తిరిగి వచ్చిన ట్రేలుంటే వాటికి వేరే గడి, అదీ పెరగడమే, చివర్లో ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తారు. మార్క్ షపీరో, నునో ప్రెగిసా, కార్లోస్ బకేరో, మారెక్ జవిర్స్కీ 2011లో ఇలాంటి వాటన్నిటికీ కలిపి ఒక సిద్ధాంతం కట్టారు, గొడవ లేకుండా కలిసిపోయే ఈ రకం లెక్కల్ని సీఆర్‌డీటీలు అంటారు.

పైన మధురవాడ అబ్బాయికి "ఫలితం పంపొద్దు, పని పంపు" అని చెప్పి ఇక్కడ మీకు "మొత్తం పంపండి" అంటున్నానేమిటని మీకు అనుమానం రావాలి. అక్కడ ఒకే గడిలో ముగ్గురు రాస్తున్నారు, ఒకరి మొత్తం ఇంకొకరి మొత్తాన్ని తుడిచేస్తుంది. ఇక్కడ గడికి రాసేవాళ్లు ఒక్కరే, తుడిచేవాళ్లు లేరు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. మధ్యలో ఫోన్ చార్జింగ్ అయిపోయి ఇంకో ఫోన్ తీశారనుకోండి, కొత్త ఫోన్ అదే పేరుతో సున్నా నుంచి మొదలుపెడితే, పాత 960 దాటేదాకా దాని లెక్కంతా చిన్నదే కాబట్టి సర్వర్ పక్కన పడేస్తూ ఉంటుంది. కొత్త ఫోన్‌కి కొత్త గడి ఇవ్వాలి. ఇంకొకటి, ఈ పద్ధతిలో ప్రతి ట్రే చివరికి ఒక్కసారే లెక్కకి వస్తుందన్న హామీ ఉంది గాని, ఈ క్షణాన తెర మీదున్న మొత్తం తాజాది అన్న హామీ లేదు. ఇంకా ఎన్ని మిగిలాయో దీన్ని చూసి నిర్ణయించకండి, ఫోన్ చేసి కనుక్కోండి.

ప్రశ్న: ఆంధ్రా యూనివర్సిటీలో ఎంటెక్ చదువుతున్నాను మేడమ్. లీనియరైజబిలిటీ అన్నిటికన్నా గట్టి హామీ అని క్లాసులో చెప్పారు. అలాంటప్పుడు అన్ని కౌంటర్లకీ అదే పెట్టేస్తే గొడవే ఉండదు కదా? మిగతావన్నీ ఎందుకు చదవాలి? (పెదవాల్తేరు నుంచి ఒక విద్యార్థి)

జవాబు: మంచి ప్రశ్న బాబూ, ఇది అడగకుండా పరీక్ష రాసి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ.

లీనియరైజబిలిటీ అంటే కంప్యూటర్ శాస్త్రవేత్తలు హెర్లిహీ, వింగ్ 1990లో చెప్పింది ఇది: ప్రతి పనీ అది మొదలైన క్షణానికీ ముగిసిన క్షణానికీ మధ్య ఎక్కడో ఒక బిందువు దగ్గర టక్కున జరిగినట్టే అందరికీ కనిపించాలి. లాంపోర్ట్ 1979లో చెప్పిన సీక్వెన్షియల్ కన్సిస్టెన్సీ దీనికి దగ్గరగానే ఉంటుంది, తేడా పట్టుకోవడానికి ఒక ఫోన్ కాల్ చాలు. నువ్వు కౌంటర్‌ని పెంచావు, పని పూర్తయిందని సర్వర్ చెప్పింది. వెంటనే స్నేహితుడికి ఫోన్ చేసి "పెంచాను, చూడు" అన్నావు. అతనికి పాత అంకె కనిపించింది. సీక్వెన్షియల్ కన్సిస్టెన్సీ దాన్ని ఒప్పుకుంటుంది, ఎందుకంటే మీ ఫోన్ కాల్ సంగతి దానికి తెలియదు, ఒక్కొక్కరి పనుల క్రమం చెడకుండా అందరి పనులూ ఏదో ఒక వరసలో పేర్చగలిగితే చాలు దానికి. లీనియరైజబిలిటీ ఒప్పుకోదు, నీ పని ముగిశాక మొదలైన ప్రతి చూపుకీ కొత్త అంకె కనిపించి తీరాలి.

ఇక ఖర్చు. కాపీలు వేర్వేరు ఊళ్లలో ఉంటే ప్రతి పెంపుకీ ముందు సగానికి పైగా కాపీలు సరే అనాలి. విశాఖ నుంచి ముంబై గీత గీసినట్టు కొలిస్తే దాదాపు 1,100 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే వెళ్లి రావడానికి తక్కువలో తక్కువ 11 మిల్లీసెకన్లు, తీగలు వంకరలు తిరుగుతాయి కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువ. ఒకటి అయ్యాకే ఇంకొకటి అని నడిపితే సెకనుకి 90 పెంపులకి అటూ ఇటూ. స్వీట్ల షాపుకి అది బోలెడు, మధురవాడ స్టేడియంలో మ్యాచ్ టికెట్లు వదిలిన నిమిషానికి ఏ మూలకీ చాలదు. చాలామంది ఒకే వేగమైన సర్వర్ పెట్టి పక్కన ఒక కాపీ ఉంచుకుని నిశ్చింతగా ఉంటారు, ఉదాహరణకి రెడిస్ అనే డేటాబేస్. అది ఆదేశాలు ఒక్కొక్కటిగా నడుపుతుంది కాబట్టి పెంపులు ఒకదాని మీద ఒకటి పడవు, నిజమే. కానీ కాపీకి వార్త పంపడం తర్వాత జరుగుతుంది. మధ్యలో అసలు సర్వర్ పడిపోయి కాపీ పైకొస్తే, "సరే, కలిపాను" అని నీకు చెప్పిన పెంపులు కూడా మాయమవ్వచ్చు.

అసలు ఇబ్బంది తీగ తెగినప్పుడు మొదలవుతుంది. ఎరిక్ బ్రూవర్ 2000లో ఊహించి చెప్తే, గిల్బర్ట్, లించ్ 2002లో రుజువు చేశారు: కాపీల మధ్య మాట తెగిపోయినప్పుడు గట్టి కన్సిస్టెన్సీ, అందరికీ జవాబివ్వడం, రెండూ కలిపి దొరకవు. నాకు ఇది పుస్తకం చదివి అర్థం కాలేదు, హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు అర్థమైంది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లలో సిగ్నల్ లేదు, రోడ్లన్నీ పడిపోయిన చెట్లు. మా దగ్గర్లోని ఏటీఎం ఖాతాలో ఎంతుందో అడగలేదు కాబట్టి ఒక్క రూపాయి ఇవ్వలేదు. మా వీధి చివర కిరాణా కొట్టాయన మాత్రం కొవ్వొత్తి వెలుగులో గళ్ల నోటు పుస్తకం తీసి, పేరు రాసి, గీత గీసి, "ఇంటికి అయిదొందల దాకా ఇస్తానమ్మా, ఆ పైన నా వల్ల కాదు" అని బియ్యం, పాలపొడి ఇచ్చారు. ఏటీఎం తప్పు లెక్క చెప్పకూడదని మూసుకుంది. కొట్టాయన లెక్క తర్వాత చూసుకుందామని తెరిచారు, కానీ నష్టం ఎంత దాటకూడదో ముందే గీత గీసుకున్నారు.

ఆ అయిదొందల గీతలో ఒక పెద్ద ఉపాయం ఉంది. పాట్రిక్ ఓనీల్ 1986లో ఎస్క్రో పద్ధతి అని రాసింది దానికి దగ్గరదే. 40 హల్వా డబ్బాలున్నాయి, గాజువాకకి 15, ద్వారకానగర్‌కి 15, ఎంవీపీకి 10 అని ఉదయమే హక్కు పంచేస్తాం, కండక్టర్‌కి టికెట్ల కట్ట ఇచ్చి పంపినట్టు. ఎవరి వాటా అయ్యేదాకా వాళ్లు ఎవరినీ అడగకుండా అమ్ముకోవచ్చు, నెట్ ఉన్నా పోయినా మొత్తం సున్నా కిందికి ఎప్పటికీ పోదు. వాటా అయిపోతే పక్క బ్రాంచీని అడిగి తెచ్చుకోవాలి, అది కుదరకపోతే ద్వారకానగర్ దగ్గర 6 డబ్బాల హక్కు మిగిలి ఉన్నా గాజువాకలో "అయిపోయాయండి" అనాల్సి వస్తుంది. అంటే ఇక్కడ "ఉంది" అనే మాట ఎప్పుడూ అబద్ధం కాదు, "లేదు" అనే మాట ఒక్కోసారి అవుతుంది.

కాబట్టి ఏ కౌంటర్‌ని చూసినా, ఇది ఎక్కువ చూపిస్తే ఎవరికి నష్టం, తక్కువ చూపిస్తే ఎవరికి నష్టం, పాతది చూపిస్తే ఎవరికి నష్టం అని అడుగు. లైకులకి ఎవరికీ లేదు. మజ్జిగ ట్రేలకి ఎక్కువ పడితే మాట వస్తుంది, పాతది కనిపిస్తే ఏమీ కాదు. టికెట్లకి ఒక్క సీటు ఎక్కువ అమ్మినా గేటు దగ్గర ఇద్దరు మనుషులు ఒకే కుర్చీ కోసం నిలబడతారు. వీటన్నిటికీ ఒకే హామీ ఎలా సరిపోతుంది?

ఈ రాత్రే ఒక పని చెయ్యి. నీ ల్యాప్‌టాప్‌లో పోస్ట్‌గ్రెస్ పెట్టుకుని ఒక వరసలో సున్నా రాయి. రెండు టెర్మినళ్లు తెరిచి, రెండింట్లోనూ అంకె చదివి, ఒకటి కలిపి, తిరిగి రాసే చిన్న ప్రోగ్రామ్‌ని 1,000 సార్లు చొప్పున ఒకేసారి నడుపు. 2,000 రావాలి. ఎంత వచ్చిందో, ఆ తర్వాత "ఒకటి కలుపు" అని ఒకే ఆదేశంగా మార్చి నడిపితే ఎంత వచ్చిందో, రెండూ నాకు రాయి, వచ్చే నెల ఇక్కడే వేస్తాను.